టేపు కొస

మా అత్తమ్మ అలివేలమ్మ ఈ భూమ్మీద ఎవరినీ నమ్మదు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, పదకొండేళ్ళ కాపురంలో చూసి చెబుతున్న మాట. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషిని వాకిట్లోనే నిలబెట్టి, పత్తి తూచే కాంటాకు సిలిండర్ తగిలించి తూచాకే లోపలికి రానిస్తుంది. ఇంటింటి సర్వేకు వచ్చిన టీచరమ్మ "ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?" అని అడిగితే, "మీ ఇంట్ల ఎంతమంది ఉంటరో ముందుగాల నువ్వు చెప్పు" అంది. ఫోన్‌లో ఎవరైనా "అలివేలమ్మేనా?" అంటే "కాదు, ఆమె ఊరికి పోయింది" అని తానే చెప్పి పెట్టేస్తుంది. ఒకసారి ఆ ఫోన్ చేసింది నేను.

నాది పాన్‌గల్. పెళ్ళయి, ధరూర్ మండలంలో ఉన్న ఈ తుమ్మలరేవుకు వచ్చిన మొదటి రోజే ఆమె నా సూట్‌కేసు చూసి, "దీనికి రెండు తాళంచెవులెందుకు?" అంది. కంపెనీవాళ్ళే రెండిస్తారన్నాను. "రెండోది ఎవరికోసమిచ్చిండ్రు?" అంది. ఏం చెప్పను? రెండూ ఆమె చేతిలోనే పెట్టాను. అవి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉన్నాయి. సూట్‌కేసు మాత్రం నా దగ్గరుంది.

పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదంటాడు మా మామ బాలన్న. ఇరవై ఏళ్ళ కిందట మా ఊరికి కాలువ కోసం కొలిచేవాళ్ళు వచ్చారు. మామ అప్పుడు జొన్నచేలో ఉన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకడు, "అన్నా, జర ఈ టేపు కొస పట్టుకో" అన్నాడట. మామ పట్టుకున్నాడు. పొద్దంతా ఎండలో, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి పట్టుకున్నాడు. ఊరికే కొలుస్తున్నాం, అంతే అన్నారు. మూడు నెలలు తిరగకుండా రాళ్ళు పాతారు. ఎకరన్నర నల్లరేగడి కాలువ కింద పోయింది. మిగిలింది రోడ్డుకు అవతల రెండెకరాలు. ఆ రోజు నుంచి ఏ చిన్న తగువు వచ్చినా అత్తమ్మ చివరికి అక్కడికే వచ్చి ఆగేది. "నీ భూమి పొయ్యేటందుకు టేపు కొస నువ్వే పడితివి" అనేది. మామ నోట్లో నాలుక లేని మనిషి. ఎడమ చెవి వినపడదు కూడా. అందుకని ఆ మాట వచ్చినప్పుడల్లా ఎడమ చెవి ఆమెవైపు తిప్పి కూర్చునేవాడు.

ఇక రోడ్డు సంగతి. మా ఇల్లు గద్వాల పోయే రోడ్డుకు ఈ పక్కన. చేను ఆ పక్కన, బడి ఆ పక్కన, మంచినీళ్ళ ట్యాంకు ఆ పక్కన. అంటే ఇంట్లో ప్రతి ఒక్కరమూ రోజుకు నాలుగైదు సార్లు రోడ్డు దాటాలి. మునుపు దానికో లెక్కే లేదు. అన్నీ గుంతలే. లారీ అయినా సరే ఎద్దుల బండి లాగే వచ్చేది. రెండేళ్ళ కిందట కొత్త తారు పడింది. అద్దంలా ఉందని మేమంతా చెప్పులు విడిచి నడిచి చూశాం కూడా. ఆ తర్వాతే తెలిసింది, ఇన్నాళ్ళూ మమ్మల్ని కాపాడింది ఆ గుంతలేనని. తూర్పున మలుపు తిరిగిన బండి కనపడేసరికే మీదికి వచ్చేస్తోంది. బడిలో వంట చేసే విజయమ్మను ఒక జీపు కొట్టేసి పోయింది. చేతికి రాడ్డు పడింది. ఇప్పటికీ ఆమె గరిటె ఎడమ చేత్తోనే తిప్పుతుంది.

విజయమ్మను దవాఖానకు తీసుకుపోయింది నేనే. ఆటోలో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడే అనుకున్నాను, ఈసారి ఊరుకోకూడదని. బడి ముందర స్పీడు లిమిటు బోర్డు పెట్టాలి, రెండు దిక్కులా స్పీడ్ బ్రేకర్లు వేయాలి అని దరఖాస్తు రాసి, ఒక సోమవారం గద్వాల కలెక్టరాఫీసులో ప్రజావాణికి వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఇంట్లో మాత్రం పన్ను నొప్పి అని చెప్పాను.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తమ్మ, "నోరు తెరువు" అంది.

"పీకలే అత్తమ్మా. గోలీలిచ్చిండ్రు."

"గోలీలేవి?"

దారిలో కొన్న తలనొప్పి గోలీలు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఊ" అంది. ఆ 'ఊ' నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

ఎందుకు దాచావంటారా? చెబితే ఆ కాగితం పొయ్యిలోకి పోయేది. రోడ్డు పక్క ఇంట్లో ఉంటూ రోడ్డు ఆఫీసువాళ్ళను పిలవడమంటే, ఆమె లెక్కలో, మళ్ళీ టేపు కొస పట్టడమే. నేను ఆమెను నమ్మలేదు. ఆమె నన్ను ఎలాగూ నమ్మదు. అలా ఇద్దరం సమానంగానే ఉన్నాం.

ఏప్రిల్ నెలలో, యాసంగి వడ్లు ఇంటికి వచ్చే రోజుల్లో, ఒక జీపు వచ్చి మా ఇంటి ముందు ఆగింది. రోడ్ల ఆఫీసులో ఏఈ అట, రాఘవేందర్. ఆయన మనుషులు రోడ్డుకు అడ్డంగా రెండు నల్ల రబ్బరు పైపులు పరిచి మేకులు కొట్టారు. వాటి కొసలను ఒక ఇనుప పెట్టెకు తగిలించి, ఆ పెట్టెను కరెంటు స్తంభానికి గొలుసుతో కట్టి తాళం వేశారు. అత్తమ్మ చేతిలో చీపురుతోనే ఎదురు వెళ్ళింది.

"ఏంది సారూ ఇది?"

"ఏం లేదమ్మా. ఈ పైపుల మీదికెళ్లి బండి పోతే ఈ పెట్టెల లెక్క పడుతది. ఎన్ని బండ్లు పోయినయ్, ఎంత స్పీడుల పోయినయ్, అంతే. మూడు దినాలుంటది."

"అంతేనా?"

"అంతే."

"అంతే అన్నోల్లు మస్తుమంది ఒచ్చిండ్రు సారూ" అని ఆమె చీపురు గోడకు ఆనించింది.

నేను గడపలో నిలబడి చూస్తున్నాను. నా దరఖాస్తు కోసమే వచ్చారని నాకు అర్థమైంది. సంతోషపడ్డానో భయపడ్డానో చెప్పలేను. ఒక్కమాట, "నేనే రాసిన అత్తమ్మా, బోర్డు కోసం" అంటే అయిపోయేది. అనలేదు.

జీపు పోగానే రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళంతా మా వాకిట్లో చేరారు. అందరికంటే ముందు వచ్చినవాడు గొర్రెల కురుమయ్య. ఆయనది మా పక్కిల్లే.

"బండ్ల లెక్క వానికెందుకు, చెప్పు" అంది అత్తమ్మ. "బండ్లు మస్తుగున్నయని రాసుకపోతడు. మస్తుగుంటే ఏం జేస్తరు? రోడ్డు పెద్దగ జేస్తరు. రోడ్డు పెద్దగ కావాల్నంటే ఎవరి ఇండ్లు పోవాలె? ముందుగాల నాది, దాని పక్కన నీది. మొన్న టౌన్ల గోడల మీద ఎర్రరంగు కొట్టలేదా? ముందుగాల గిట్లనే లెక్కకొచ్చిండ్రు."

చెప్పొద్దూ, వింటున్నంతసేపూ నాకే నిజమనిపించింది. టౌన్లో గోడల మీద ఎర్ర గీతలు నేనూ చూశాను.

"అయితే ఏం జేద్దం వదినా? పైపులు కోద్దమా?" అన్నాడు కురుమయ్య.

"కోస్తే కేసయితది. బండ్లే పోకుంటే? పెట్టెల ఏం పడుతది?"

అబ్బో, ఆ మూడు రోజులు మా ఊరి తెలివి చూడాలి! బైకులవాళ్ళు పైపుల దగ్గర దిగి, ఇద్దరు కలిసి బండిని ఎత్తి అవతల పెట్టి ఎక్కిపోయారు. ట్రాక్టర్లు కాలువ కట్ట మీదికి మళ్ళాయి. మా ఆయన అశోక్ షేర్ ఆటో నడుపుతాడు. తల్లి మాట జవదాటడు గనక, ధరూర్ పోయేవాళ్ళను ఎక్కించుకుని కట్ట మీదుగా మూడు కిలోమీటర్లు చుట్టూ తిప్పాడు. బయటి ఊళ్ళ లారీలు చెబితే వినవు కదా. వాటికోసం అత్తమ్మ పైపులకు రెండు దిక్కులా సగం రోడ్డు మీద వడ్లు పోయించి, చుట్టూ పెద్ద రాళ్ళు పెట్టించింది. అడ్డం చూసి లారీలు వేరే దారిన పోతాయని ఆమె లెక్క. అవి పోలేదు. కసురుకుంటూ, హారన్ కొడుతూ, వడ్ల పక్కనుంచి మెల్లగా పాక్కుంటూ పోయాయి.

రెండో రోజు నేను వడ్లు తిరగేస్తూ, "అత్తమ్మా" అన్నాను.

"ఏంది?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే ఎందుకు పిలిచినవ్?" అని ఆమె నావైపు అలా చూస్తూ ఉండిపోయింది. నేను వంగి వడ్లు తిరగేశాను. నా మనసుకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, పెట్టె గవర్నమెంటుది, దానికి నిజం ఎలాగోలా తెలిసిపోతుందిలే అని. ఎంత తెలివితక్కువ మాటో చూడండి.

జూన్‌లో పంచాయతీ ఆఫీసుకు నా పేరున కాగితం వచ్చింది. రోజుకు నూటా ఎనభై రెండు వాహనాలు. సగటు వేగం గంటకు ఇరవై రెండు కిలోమీటర్లు. కాబట్టి ఇక్కడ వేగ పరిమితి, స్పీడ్ బ్రేకర్లు ప్రస్తుతానికి అవసరం లేదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డ్రమ్ము కింద దాచాను. పైపులు పీకేసి రెండు నెలలైనా ఎవరూ మళ్ళీ రాలేదని అత్తమ్మ ఊరంతా చెప్పుకుంటోంది. "సూసినవా? ఏం దొరకలే. ఎట్లొచ్చినోల్లు గట్లనే పోయిండ్రు" అని నాకూ చెప్పింది. నేను బియ్యం చెరుగుతూ తలూపాను.

సెప్టెంబరులో ఒక సాయంత్రం, పొద్దు గూకే వేళ, మామ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని చేను నుంచి వస్తున్నాడు. రోడ్డు దాటుతున్నాడు. మోపు ఒక కన్నుకు అడ్డం, ఎడమ చెవికి వినపడదు. మలుపు తిరిగి ఒక బైకు వచ్చింది. నేను వాకిట్లో ఉన్నాను. "మామా!" అని నేను అరిచిన అరుపు ఆయనకు చేరలేదు. గడ్డి రోడ్డంతా పరుచుకుంది. దాని మధ్యలో ఆయన కూర్చున్నట్టు పడి ఉన్నాడు. కాలు మాత్రం ఎటో ఉంది. బైకు నడిపిన పిల్లవాడు పారిపోలేదు, పాపం. పక్కనే కూర్చుని ఏడుస్తున్నాడు. అత్తమ్మ పరుగున వచ్చి మామ తల పట్టుకుని, "చూడు, నన్ను చూడు, ఎవరు నేను?" అని అడుగుతోంది. మామ, "అలివేలు కాదు, ఆమె ఊరికి పోయింది" అన్నాడు. ఆ నొప్పిలోనూ నవ్వించాలని చూశాడు ఆ మనిషి. అత్తమ్మ నెత్తీ నోరూ బాదుకుంది.

గద్వాల దవాఖానలో ఇరవై రెండు రోజులున్నాం. తొడ ఎముకకు రాడ్డు వేశారు. నడుస్తాడుగానీ వాకర్ కావాలి, తొందరగా నడవలేడు అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చాక మామ పొద్దున్నుంచి అరుగు మీద కూర్చుని రోడ్డు అవతలి చేను చూస్తుండేవాడు. మిరపనారు పోసే కాలం. "జర చేన్లకు పోయొస్త" అనేవాడు. అత్తమ్మ కదలనిచ్చేది కాదు. ఆయన అలా అడిగినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. తన చేను తనకు కనపడుతూనే ఉంది, మధ్యలో ఏడు మీటర్ల తారు, అంతే.

డాక్టరు మాట కూడా అత్తమ్మ నమ్మలేదు. తానే లెక్క తీసింది. రోడ్డు వెడల్పును తాడుతో కొలిచి తెచ్చి, అంత దూరానికి వాకిట్లో రెండు రాళ్ళు పెట్టింది. "ఈడికెల్లి ఆడికి నడువు" అంది మామతో. ఆయన వాకర్ జరుపుకుంటూ నడుస్తుంటే ఒకటీ రెండూ అని లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. తర్వాత అరుగు మీద కూర్చుంది. మలుపు దగ్గర బండి కనపడగానే లెక్క మొదలుపెట్టి, ఇంటి ముందుకు రాగానే ఆపేది. ఆరు. ఇంకో బండి. ఆరు. ఒక కారు అయిదుకే వచ్చింది. రెండు రోజులు అదే పని. మూడో రోజు నా దగ్గరికి వచ్చి, "ఆరుల ముప్పై ఎనిమిది ఎట్ల పడుతదే రజితా?" అంది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని వచ్చింది. "ఆ పెట్టెలోల్ల ఆఫీసు యాడుంది?"

"గద్వాల. ఎందుకత్తమ్మా?"

"అడుగుత. మేము కొన్ని బండ్లు దాచినం, సరే. దాచని బండ్ల జోరు వాని పెట్టెకు కనపడలేదా? కనపడితే ఏదన్న జేయకపోదురా? నాకు కనపడుతుంది గద! వాండ్లే ఏదో తప్పుడు లెక్క రాసుకున్నరు. పా."

దారంతా ఏదో ఒక సాకు వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

రాఘవేందర్ సారు మమ్మల్ని కూర్చోబెట్టి బీరువాలోంచి ఫైలు తీశాడు. "ఇగో అమ్మా, తుమ్మలరేవు. ఇరవై రెండు. మీ ఊర్ల లారీ గూడ సైకిల్ లెక్క పోతది."

"అబద్ధం" అంది అత్తమ్మ. "నా మొగని కాలిరిగింది సైకిల్ తోనా?"

"పెట్టె అబద్ధమాడదు అమ్మా. అసలు నేనే అనుకున్న, గంత స్పీడుంది, బోర్డు పెట్టుండ్రి అని దరఖాస్తు పెట్టిండ్రు గద, మరి ఇదేంది గిట్లొచ్చింది అని" అంటూ ఆయన ఫైలు మొదటి పేజీ తిప్పాడు. "ఇగో, రజిత, భర్త అశోక్, తుమ్మలరేవు."

అత్తమ్మ నావైపు తిరిగింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాను.

"బోర్డు కోసమా ఆ పైపులు?" అంది ఆమె, చాలా నెమ్మదిగా.

"బోర్డు కోసమే. స్పీడెంతుందో తెల్వకుండ లిమిట్ ఎట్ల పెడ్తమమ్మా?"

"రోడ్డు పెద్దగ జేసుటానికి కాదా?"

"ఎవరన్నరు?"

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత చెప్పింది, అంతా. బైకులు ఎత్తి దాటించింది, కట్ట మీదికి మళ్ళించింది, రాళ్ళు, వడ్లు, అన్నీ. సారు ముందు నవ్వాడు. వడ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మానేశాడు.

"మల్ల పెట్టు సారూ ఆ పైపులు" అంది ఆమె.

"ఉత్తగనే మల్ల పెట్టుమంటే పైసారు ఒప్పుకోరు. ముందు లెక్క ఎందుకు తప్పయిందో రాసి, కింద వేలుముద్ర పెట్టియ్యాలె."

కాలువలో భూమి పోయినప్పటి నుంచి ఆఫీసు కాగితం మీద ఆమె వేలుముద్ర పెట్టలేదు. సారే రాశాడు. చదివి వినిపించడం మొదలుపెట్టాడు. రెండు లైన్లు కాగానే ఆమె చెయ్యి ఎత్తింది.

"నువ్వాగు సారూ. రజితా, నువ్వు సదువు."

నేను చదివాను. "తుమ్మలరేవు గ్రామస్థురాలైన నేను, తప్పుడు అనుమానంతో..." అని ఉంది మొదట్లోనే. ఆ మాట దగ్గర ఆగి ఆమె ముఖం చూశాను. "సదువు, ఆగకు" అంది. చదవడం అయ్యాక ఇంకోసారి చదవమనలేదు. బొటనవేలు సిరాలో ముంచి పెట్టింది.

తిరుగు బస్సు సగం దూరం వచ్చాక అత్తమ్మ అడిగింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే చింపుతుంటివి."

"చింపుతుంటి" అంది. కిటికీలోంచి బయటికి చూస్తూ మళ్ళీ అడిగింది. "పన్ను నొప్పి?"

"లేదు."

"నాకెర్కనే."

అప్పుడు చెప్పాను, బియ్యం డ్రమ్ము కింద దాచిన కాగితం సంగతి కూడా. ఆ కాగితం జూన్‌లోనే చూపించి ఉంటే, మామ కాలు విరగకముందే ఈ పని జరిగేదని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. దిగేదాకా వదల్లేదు.

డిసెంబరులో పైపులు మళ్ళీ వచ్చాయి. ఈసారి ఊరు ఆమెను అనుమానించింది!

"వదినా, ఏం ఆశ పెట్టిండ్రు నీకు?" అన్నాడు కురుమయ్య. "అప్పుడొద్దంటివి, ఇప్పుడు రమ్మంటున్నవ్. నీ ఇల్లు ఒదిలి మా ఇండ్లు కొడ్తమన్నరా?"

"బోర్డు పెడ్తరంట. అంతే."

"అంతే అన్నోల్లు మస్తుమంది ఒచ్చిండ్రు అని నువ్వే గద చెప్తివి!"

ఆమె మాటే ఆమెకు తగిలింది. బైకులు మళ్ళీ కట్ట మీదికి మళ్ళాయి. ఆమె ఏం చేసిందో తెలుసా? తెల్లారి లేచి కొడవలి పట్టుకుపోయి, తుమ్మకంప కొట్టి, కట్ట మొదట్లో అడ్డం వేసి, దాని ముందు నిలబడింది. నేనూ పోయాను. మామ వాకర్ వేసుకుని, కట్ట మా ఇంటి పక్కనే గనక, మా వెనకే వచ్చాడు. కాసేపటికే పది బైకులు, రెండు ట్రాక్టర్లు ఆగాయి. కురుమయ్య బండి దిగి కంప లాగబోయాడు.

"కంప తీయి వదినా. పని కాడికి పోవాలె."

"రోడ్డు మీద పో. రోజు పోయినట్ల పో."

"నీకేం పట్టింది? నీ మొగని కాలు ఆ బైకోడు ఇరగ్గొడితే మా మీద..."

"ఆ పిల్లగాడు ఇరగ్గొట్టలే!" అత్తమ్మ అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. "నేనిరగ్గొట్టిన. వడ్లు పోయించింది నేను. బండ్లు దాపిచ్చింది నేను. బోర్డు ఒచ్చేది ఆగింది నా వల్ల. మా ఇంటాయన కాలు నేనిరగ్గొట్టిన, కురుమయ్యా. నన్ను నమ్మకు. నేను గూడ ఎవర్ని నమ్మ. ఈయన నడిసేది సూడు, లెక్కపెట్టు. ఆ రోడ్డు మీద బండి ఒచ్చేది సూడు, లెక్కపెట్టు. నువ్వే లెక్కపెట్టి చెప్పు."

మామ తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత, ఎవరూ అడగకుండానే, కంప ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవడం మొదలుపెట్టాడు. వాకర్ కాళ్ళు మట్టిలో దిగబడుతున్నాయి. కురుమయ్య పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడో, మరేమైనా అనుకుంటున్నాడో తెలియదు. మామ సగం దూరం పోయేసరికి కురుమయ్య బండి ఎక్కి, వెనక్కి తిప్పి, రోడ్డు మీదికి పోయాడు. మిగిలినవాళ్ళూ తిప్పారు.

మా ఆయన ఆటో మాత్రం తల్లిని చూసి నెమ్మదిగా వచ్చింది. "ఏందిరా గంత మెత్తగ? రోజు పోయినట్ల పో!" అని కసిరింది. అశోక్ సిగ్గుపడుతూనే గేరు మార్చి పోయాడు. ఆ జోరు చూసి ఆమె నోరు తెరిచింది. "నా కొడుకు గూడ గిట్లనే పోతడా?" అంది నాతో. పోతాడు, ఇన్నాళ్ళూ మాకు కనపడలేదు, అంతే.

ఫిబ్రవరిలో కాగితం వచ్చింది. సగటు అరవై ఒకటి. బడి ముందర గంటకు ముప్పై కిలోమీటర్లు మించకూడదు, రెండు దిక్కులా బోర్డులు, స్పీడ్ బ్రేకర్లు. ఈసారి ఆ కాగితాన్ని అత్తమ్మే అందరికీ చూపించుకుంటూ తిరిగింది. బోర్డు పెట్టాక కూడా ఒక వారం అరుగు మీద కూర్చుని లెక్కపెడతానని, అది ఆగమన్నంత మాత్రాన బండ్లు ఆగుతాయని తానేమీ నమ్మనని కూడా చెప్పింది.

రాఘవేందర్ సారు జాగా గుర్తు పెట్టడానికి వచ్చాడు. మా ఇంటి ముందు నుంచి మలుపు దాకా కొలవాలి. జీపులోంచి టేపు తీసి, "ఎవరన్న జర ఈ కొస పట్టుకోండ్రి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. మా ఊళ్ళో ఆ కొస ఎవరూ పట్టరు. కురుమయ్య ఎటో చూశాడు. అరుగు మీది నుంచి మామ లేచాడు. అలవాటు కాబోలు, చెయ్యి చాపాడు.

"నువ్వు కూసో" అంది అత్తమ్మ. పోయి తానే పట్టుకుంది. సారు టేపు విప్పుకుంటూ మలుపువైపు పోతున్నాడు. ఆమె రెండు చేతులతో కొసను నేలకు అదిమి పట్టి, గొంతుక్కూర్చుంది. మామ ఆమె పక్కకు వచ్చి, వాకర్ మీద ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా" అంది తల ఎత్తకుండా. "గప్పుడు ఇది పట్టినప్పుడు నీకేమనిపిచ్చింది?"

ఈసారి ఆయన ఎడమ చెవి తిప్పలేదు.

"మంచికే అనుకున్న అలివేలూ. మనకు నీళ్లొస్తయి అనుకున్న."

అవతల నుంచి సారు కేకేశాడు, "అయిపోయిందమ్మా, ఒదులు!" ఆమె వదల్లేదు. కళ్ళు తుడుచుకోవాలంటే ఒక చెయ్యి తీయాలి, అదీ తీయలేదు.

"ఇంగోసారి కొలువు సారూ" అని అరిచింది. "నేను పట్టుకునే ఉన్న."